ఆయన వైరస్, నా వైరస్ ఒకటి కాదన్న రోజు

మా ఆయన ఊరుబిండి వద్దన్న రోజే నాకు అనుమానం వచ్చింది. జబ్బు అనుమానం కాదు, ఆడమనిషి అనుమానం.

ఊరుబిండి అంటే మా వైపు పచ్చడి. వేయించిన చెనిక్కాయలు అంటే వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి చేస్తాం. సంగటి ముద్ద పక్కన అది లేకపోతే మా ఆయన ఓబులేసు కంచం వైపు కూడా చూడడు. అటువంటి మనిషి ఒక మధ్యాహ్నం దాన్ని వేలితో పక్కకు తోసి, "మజ్జిగ పోయి, చాలు" అన్నాడు.

"ఏం, యాడైనా తినొచ్చినావా?"

"యాడ తినేది? కారం తగిలితే నోరు మండతాంది."

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకు కారణం ఉంది. ఆయన లారీ డ్రైవరు. హిందూపురంలో చింతపండో మిరపకాయలో లోడు ఎత్తుకుని రాత్రికి హైదరాబాదు దారి పడతాడు. ఆ దారిలో చెన్నేకొత్తపల్లి దగ్గర గంగక్క అని ఒకామె హోటలు నడుపుతుంది. ఆమె చేసే ఊరుబిండి గురించి మా ఆయన ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు పొగిడి ఉన్నాడు. "ఆయమ్మ రోట్లో రుబ్బుతాదే. నీది మిక్సీ రుచి" అని ఒకసారి నోరు జారాడు కూడా. ఆ మాటకు నేను మిక్సీని అటక ఎక్కించి, మా అత్త కాలం నాటి రోలు కడిగి దించాను. చేతులు బొబ్బలెక్కేలా రుబ్బిన పచ్చడిని ఇప్పుడు మనిషి వేలితో తోస్తున్నాడు. ఏమనుకోవాలి?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉంది. నా కడుపులో పాప ఉన్నప్పుడు చేసిన పరీక్షలో బయటపడింది. పాపకు రాలేదు, ఇప్పుడు బడికి పోతోంది. పెళ్ళికి ముందు లారీల మీద తిరిగిన కాలంలో తనకు అంటిందని మా ఆయన ఒప్పుకున్నాడు. పాతది నేను అడగను, కొత్తది నువ్వు చేయకు అని ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం. అడగనన్నానే గానీ మరచిపోతానని అనలేదు.

మేముండేది ధర్మవరం. నేను పట్టు మగ్గం నేస్తాను. ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టిన దాన్ని. మా ఊళ్ళో ఏ సందులో నిలబడినా ఎవరో ఒకరు "ఏం రత్నా, యాడికి పోతాండావు" అని పలకరిస్తారు. అందుకే మాత్రలకు రైలెక్కి హిందూపురంలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు పోయేవాళ్ళం. అప్పట్లో ఇద్దరికీ ఒకటే రకం మాత్ర ఇచ్చేవాళ్ళు. మూడు మందులు కలిపి ఒకే మాత్ర, పడుకునే ముందు వేసుకోవాలి. అందులో ఎఫావిరెంజ్ అని ఒకటి ఉంటుంది. అది తల తిప్పుతుంది, వింత కలలు తెస్తుంది. మొదటి నెలలో నా మగ్గం రెక్కలు కట్టుకుని పట్టాల వెంట ఎగిరిపోయినట్టు కల వచ్చేది. తర్వాత అలవాటైంది. ఆయనకూ అలవాటైందనే అనుకున్నాను.

ఆయన రోడ్డు మీద ఉన్న రోజుల్లో కూడా ఇద్దరం ఒకే సమయానికి మాత్ర వేసుకోవాలని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిదికి ఆయన మాత్ర వేసుకుని నాకు మిస్డ్ కాల్ ఇస్తాడు. అది మోగగానే నేను నాది వేసుకుంటాను. మొగుడూ పెళ్ళాలు సినిమాకు పోతారు, తిరుపతికి పోతారు. మేం మాత్ర వేసుకుంటాం. నవ్వకండి, ఆ రెండు రింగుల కోసం నేను సాయంత్రం నుంచే ఎదురుచూసేదాన్ని.

నోటి మంట తగ్గలేదు. ఒకరోజు కూర్చోబెట్టి నోట్లో టార్చి వేసి చూశాను. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు మీగడలాగా తెల్లగా ఉంది. గంగక్క ఊరుబిండి అటువంటి పని చేయలేదని నాకూ అర్థమైంది. మరుసటి రోజే రైలెక్కాం.

డాక్టరు మేడం చూడగానే "కాండిడా" అన్నారు, అంటే నోట్లో పట్టే బూజు. సీడీఫోర్, వైరల్ లోడ్ ఇద్దరికీ చేయించారు. సీడీఫోర్ అంటే జబ్బును తట్టుకునే కణాల లెక్క, అది ఆయనకు రెండు వందల కిందికి దిగింది. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ లక్ష దాటింది. నా రిపోర్టులో మాత్రం "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది. అంటే నా రక్తంలో వైరస్ మిషన్‌కు దొరకనంత తక్కువ.

సంతోషపడాల్సింది. కానీ అన్నేళ్ళు బుద్ధిగా మాత్ర మింగిన నన్ను మేడం "గుడ్" అని ఒక్క మాటతో పంపేశారు. ఆయన్ను మాత్రం కూర్చోబెట్టి, భుజం తట్టి, అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా అని అరగంట మాట్లాడారు. ఫస్టు వచ్చిన పిల్లను వదిలేసి ఫెయిలైన వాడికి మిఠాయి పెట్టినట్టు అనిపించింది నాకు.

"మాత్రలు ఎప్పుడైనా తప్పాయా?" అని మేడం అడిగారు.

"ఒక్కటి గూడా తప్పలేదు మేడం" అన్నాడు ఆయన.

"నేను సాక్ష్యం మేడం" అని నేను మధ్యలో దూరాను. "రోజూ తొమ్మిదికి మిస్డ్ కాల్ ఇస్తాడు."

ప్రతి నెలా డబ్బీ తెచ్చి చూపిస్తే మిగిలిన మాత్రల లెక్క కూడా సరిగ్గానే ఉండేది. మేడం "రెసిస్టెన్స్ టెస్ట్‌కు బెంగళూరు పంపిద్దాం. వైరస్ ఏ మందులకు లొంగుతుందో, ఏ మందులకు లొంగదో అందులో తెలుస్తుంది" అన్నారు.

రిపోర్టు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా ఆయన చొక్కా ఆయన మీద వేలాడడం మొదలైంది. డ్యూటీ మాత్రం మానలేదు.

రిపోర్టు వచ్చిందని పిలిస్తే ఇద్దరం పోయాం. మేడం దాన్ని మా ముందు పెట్టి, రెండు చోట్ల వేలు పెట్టి చూపించారు. కె వన్ నాట్ త్రీ ఎన్, ఎం వన్ ఎయిటీ ఫోర్ వి. మా స్టేషన్ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్‌ల నంబర్లలాగా ఉన్నాయి.

"ఇవి మ్యుటేషన్లు. మొదటిది ఉంటే ఎఫావిరెంజ్ పనిచేయదు. రెండోది ఉంటే లామివుడిన్ బలం బాగా తగ్గిపోతుంది. మీ మూడు మందుల్లో గట్టిగా మిగిలింది టెనోఫోవిర్ ఒకటే."

"నాకూ అదే మాత్ర కదా మేడం. నాకెట్ల పనిచేస్తాంది?"

"మీ వైరస్, ఈయన వైరస్ ఇప్పుడు ఒకటి కాదమ్మా."

ఆ మాట నా చెవిలో ఎక్కడ గుచ్చుకుందో మేడంకు తెలియదు. ఆమె చెప్పుకుపోతున్నారు. ఇటువంటి వైరస్ రెండు రకాలుగా వస్తుంది. మాత్రలు కొన్ని రోజులు వేసుకుని కొన్ని రోజులు మానేస్తుంటే ఒంట్లో ఉన్న వైరస్సే మారిపోతుంది. లేదా ఇప్పటికే మారిన వైరస్ ఇంకొకరి దగ్గర నుంచి కొత్తగా అంటుతుంది. "ఏది జరిగిందో నాకు నిజం చెప్పాలి. దాన్ని బట్టి కొత్త మందు ఎంచాలి. ఈసారి ఇచ్చేది కూడా పోగొట్టుకుంటే, ఆ తర్వాత మన చేతిలో మందులు చాలా తక్కువ." మా ఆయన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు. "మాత్రలైతే తప్పలేదు మేడం" అన్నాడు మళ్ళీ.

నాకు చదువు తక్కువ గానీ లెక్క వచ్చు. రెండు దారుల్లో ఒకటి మూసేస్తే మిగిలేది ఒకటే.

కొత్త మందుకు పై డాక్టర్ల అనుమతి వచ్చేదాకా పాత మాత్రలే వాడమని ఇద్దరికీ చెరొక డబ్బీ ఇచ్చారు. రెండూ నా సంచిలో వేసుకుని రైలెక్కాను. హిందూపురం దాటాక అడిగాను.

"ఎవరది?"

"ఎవరు?"

"ఆ కొత్త వైరస్ సొంతదారు."

"నీకు తలకాయ పనిచేస్తాందా?"

"నాకు మాత్ర గూడా పనిచేస్తాంది. నీకే రెండూ చేయల్యా."

"రత్నా, ఊరికే ఉండు. జనం ఇంటాండారు."

"ఇననీ. రోట్లో రుబ్బే ఆయమ్మేనా?"

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. అరిచినా, చెయ్యెత్తినా నేను తట్టుకునేదాన్ని. ఆయన ఏదో దాస్తున్నాడని ఆ వీపు చూస్తేనే తెలిసింది. పెనుకొండలో రైలు ఆగింది. అది నా పుట్టినూరు. సంచి తీసుకుని దిగేశాను. "యాడికే?" అన్నాడు. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అన్నాను. రైలు కదిలింది.

పాప అప్పటికే సెలవులకని మా అమ్మ దగ్గరే ఉంది కాబట్టి అమ్మ ఏమీ అడగలేదు. నా మాత్రలను రక్తం పట్టే మాత్రలనుకుంటుంది ఆమె. సంగటి తిన్నాను, బట్టలు ఉతికాను, గంగక్క ముఖం ఎలా ఉంటుందో ఊహించాను. ఊహలో ఆమెకు సన్నని నడుము, చెవులకు పెద్ద జుంకీలు ఉన్నాయి. ఊహించే కొద్దీ జుంకీలు పెద్దవయ్యాయి.

తొమ్మిదికి ఫోన్ మోగింది. రెండు రింగులు, ఆగిపోయింది. కోపంలోనూ చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయింది. డబ్బీ తగిలింది. దాని పక్కన ఇంకో డబ్బీ తగిలింది.

ఆయన డబ్బీ. సీలు కూడా తీయలేదు.

పాత డబ్బీలు ఖాళీ చేసి ఆస్పత్రిలో ఇచ్చేసి వచ్చాం. ఆయన దగ్గర ఒక్క మాత్ర కూడా లేదు. అయినా మాత్ర వేసుకున్నానని మిస్డ్ కాల్ ఇచ్చాడు. తన మాత్రలు ఎక్కడున్నాయో కూడా గుర్తు లేదు ఆ మనిషికి.

అంతవరకూ నేను ఇంకో ఆడదాని మీద మండిపడుతున్నాను. అప్పుడు పట్టుకున్న మంట వేరు. రోజూ ఇద్దరం కలిసి మింగుతున్నామని అనుకున్నానే, అన్నాళ్ళూ నేను ఒంటరిగానే మింగానా? అయినా నా మాత్ర నేను వేసుకున్నాను. ఎవరి మీద కోపం వచ్చినా మాత్ర మీద చూపించకూడదని మేడం మొదటి రోజే చెప్పి ఉన్నారు.

పొద్దున్నే బస్సెక్కి చెన్నేకొత్తపల్లిలో దిగాను. హోటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. పొయ్యి దగ్గర ఒక ముసలామె దోసెలు పోస్తోంది. తల ముగ్గుబుట్ట, నడుముకు తువ్వాలు బిగించి ఉంది, ముందు పళ్ళు రెండు లేవు. ఈమెను గంగక్క ఎక్కడని అడుగుదామని దగ్గరికి పోయాను.

"రా పాపా, కూచో. నువ్వు ఓబులేసు పెండ్లానివి కదా?" అంది ఆమె.

"నీకెట్ల తెలుసు?"

"ఫోన్లో ఫోటో సూపిస్తాంటాడు. ప్రతి తూరీ అదే ఫోటో. నాకు ఇసుగు పుట్టిపాయె."

గంగక్క ఆమే. నేను రాత్రంతా పెట్టిన జుంకీలన్నీ తీసేయాల్సి వచ్చింది. దోసె పెట్టింది, పక్కన ఊరుబిండి వేసింది. నేను ముట్టుకోలేదు.

"ఒగటి అడగాలనుకుంటాండా పాపా. ఆయప్ప మాత్ర ఏం మాత్ర?" అంది.

"షుగరు మాత్రక్కా. ఎందుకు?"

"లోడుతో పోయే ప్రతి రాత్రీ ఈడ బండి ఆపుతాడు. జేబులోంచి మాత్ర తీస్తాడు, అరచేతిలో పెట్టుకుంటాడు. నీకు ఫోన్ కొడతాడు, రెండు రింగులు పోతానే పెట్టేస్తాడు. మల్ల ఆ మాత్ర ఆ కాలవలో పారేస్తాడు. ఏసుకోవేమప్పా అంటే, ఏసుకుంటే రోడ్డు రెండుగా కనపడతాదక్కా, బండి తోలాల గదా అంటాడు."

"రోజూనా?"

"బండి మింద ఉన్నెప్పుడంతా అంతే. ఇంటికాడ ఉన్నెప్పుడు ఏసుకుంటాడంట."

ఇంకో ఆడది లేదన్న నిమ్మళం కొంత కలిగింది. కానీ అసలు మంట అక్కడే మొదలైంది. మా ఆయనకు ఆ మాత్రతో ఇంకా తల తిరుగుతోందని తెలిసిన ఆడమనిషి ఈ భూమ్మీద ఒకతే ఉంది, అది నేను కాదు. ఆయన ఆమె దగ్గర పడుకుని ఉంటే తిట్టడానికి మాటలు రాత్రే కూర్చుకుని వచ్చాను. ఆమె దగ్గర నిజం చెప్పుకున్నాడంటే దానికి నా దగ్గర తిట్టు లేదు.

అక్కడి నుంచే ఆయనకు నేను మిస్డ్ కాల్ ఇచ్చాను. వెంటనే తిరిగి చేశాడు.

"యాడుండావు?"

"గంగక్క హోటల్లో. నీ డబ్బీ నా సంచిలో ఉండాది. మరి రాత్రి ఏం మింగినావు?"

అవతల లారీ ఇంజను చప్పుడే వినిపించింది. తర్వాత ఇంజను ఆపేశాడు.

"ఒగ తూరి మాత్ర ఏసుకోని తోలితే కన్ను మూతపడి బండి డివైడర్ ఎక్కింది రత్నా. పక్కన క్లీనరు నిద్రపోతాండాడు. వానికి ఇద్దరు పిల్లోళ్ళు. ఇంగ ఏసుకునేకి ధైర్యం రాలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బండి మాన్పిస్తావు."

"డాక్టరమ్మకైనా చెప్పాల గదా."

"నువ్వు పక్కన కూచోని సాక్ష్యం చెప్తాంటే నేనెట్ల చెప్పేది?"

ఫోన్ పెట్టేసి, ఊరుబిండి అలాగే వదిలి దోసె మాత్రం తిన్నాను. దోసెకు గంగక్క డబ్బులు తీసుకోలేదు.

ఆ వారమే ఇద్దరం హిందూపురం పోయాం. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన అంతా చెప్పాడు. పారేసిన మాత్రల వల్లే లెక్క సరిపోయేదని కూడా చెప్పాడు. మేడం తిట్టలేదు. "ఇదే నాకు కావాల్సింది. ఇది తెలియకుండా మందు ఎంచితే చీకట్లో ఎంచినట్టే" అన్నారు.

నేను మాత్రం నా సంగతి తేల్చుకోవాలనుకున్నాను. "అయితే ఈ వైరస్ వేరేదా, మాదేనా మేడం?"

"మీరేం పని చేస్తారు?"

"పట్టు మగ్గం."

"జకార్డు అట్టలు తెలుసు కదా?"

తెలియకేం. చీర అంచు మీద పువ్వు ఎలా పడాలో ఆ అట్టల చిల్లులే చెబుతాయి. మేడం చెప్పినది నేను నా భాషలో ఇలా అర్థం చేసుకున్నాను. వైరస్ ఒంట్లో తన అట్టను తానే కొట్టుకుంటూ పోతుంది. తొందరలో ఒక్కోసారి చిల్లు తప్పు పడుతుంది. మాత్ర రోజూ నిండుగా ఉంటే అచ్చు కొట్టే పనే ఆగిపోతుంది. మాత్ర ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే అచ్చు మళ్ళీ మొదలవుతుంది. ఒంట్లో మిగిలిన సగం మందుకు మంచి అట్టలు చస్తాయి, ఆ మందును తప్పించుకునే చిల్లు పడ్డ అట్ట ఒక్కటే బతికి, చీరంతా దాని పువ్వే నేస్తుంది. నా ఒంట్లో ఆ పువ్వు పడలేదు, ఆయన ఒంట్లో పడింది. పువ్వు మారింది గానీ మగ్గం అదే, పట్టు అదే.

"ఆయన చెప్పినదానికి, రిపోర్టులో ఉన్నదానికి సరిగ్గా సరిపోయింది" అన్నారు మేడం. "కానీ ఇప్పుడు ఆ మారిన వైరస్ మీకు అంటితే మీ మాత్ర కూడా పనిచేయకపోవచ్చు. కండోమ్ తప్పనిసరి."

అప్పుడు మా ఆయన మొదటిసారి నవ్వాడు. "ఇంట్లోకి రానిస్తే గదా మేడం" అన్నాడు.

కొత్తగా డోలుటెగ్రావిర్ ఇచ్చారు. దానితో తల తిరగదు, పగలు వేసుకోవచ్చు. దానికి తోడు జిడోవుడిన్ ఉన్న మాత్ర రెండు పూటలా. నెల తిరిగేసరికి మనిషి పాలిపోయాడు, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ పడిపోయిందని, ఆ మాత్ర ఆయనకు పడలేదని తీసేశారు. భయపడి ఏడ్చాను. మేడం మళ్ళీ ఆ రెసిస్టెన్స్ రిపోర్టే తీసి, "టెనోఫోవిర్ దారి ఇంకా మూసుకోలేదు" అని దానికి మార్చారు. అది సరిపోయింది.

ఆయన కోలుకుంటున్న రోజుల్లో నేను పడ్డ అసూయ చెప్పుకుంటే సిగ్గుచేటు, అయినా చెబుతాను. ఏళ్ళ తరబడి మాత్రలు కాలవపాలు చేసిన మనిషికేమో తల తిప్పని కొత్త మందు. ఒక్కరోజు తప్పని నాకేమో మగ్గాలు ఎగిరే పాత మందు. "నాకెప్పుడు ఇస్తారు మేడం?" అని పోయినప్పుడల్లా అడిగేదాన్ని. తర్వాత అందరికీ అదే ఇవ్వడం మొదలుపెట్టి నాకూ మార్చారు. ఆ రోజు సంచిలో రెండు డబ్బీలు ఒకటే రకంగా కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం పట్టుచీర ఇచ్చినా కలిగేది కాదు.

ఇప్పుడు ఇద్దరి రిపోర్టుల్లోనూ "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అనే ఉంది. మాత్ర పొద్దున కాఫీ తర్వాత వేసుకుంటాం. ఆయన రోడ్డు మీద ఉంటే ఫోన్ చేస్తాడు, నేను ఎత్తుతాను. మిస్డ్ కాల్ పద్ధతి తీసేశాం. "మింగినావా?" అని అడగను. అడిగితే మింగినాననే చెబుతారు ఎవరైనా. "ఎట్లుండాది ఒళ్ళు? మాత్ర ఏమైనా చేస్తాందా?" అని అడుగుతాను.

మాత్రల మీద బతికే వాళ్ళందరికీ నేను చెప్పేది ఇదొక్కటే. మీరు ఏం పని చేస్తారో, ఎప్పుడు నిద్రపోతారో, మాత్ర వేసుకున్నాక ఒళ్ళు ఏమవుతుందో డాక్టరుకు చెప్పండి. పడకపోతే పారేయకండి, పడటం లేదని చెప్పండి. ఇంకో మందు ఉంటుంది. మీరు చెప్పకపోతే వైరస్ చెబుతుంది, అది ఆలస్యంగా చెబుతుంది. పక్కన పెళ్ళాం కూర్చుని ఉంటే ఆమెను కాసేపు బయటికి పంపించి అయినా చెప్పండి.

పోయిన వారం మా ఆయన ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. గంగక్క పంపిందట, ఊరుబిండి. ఆయన స్నానానికి పోయినప్పుడు వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. చాలా బాగుంది. నాది దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఆయన వచ్చి "ఎట్లుండాది?" అని అడిగాడు.

"ఉప్పు ఎక్కువ" అన్నాను.